మంత్రంలో లేని మాట

మధ్యాహ్నం అన్నం బెల్లు మోగింది. పిల్లలంతా కంచాలు పట్టుకుని పరుగెత్తారు. హర్షిణి మాత్రం బెంచీ మీదే ఉండిపోయింది. పక్కన నిషిత చోటు ఖాళీగా ఉంది.

"నిషితకు జరం అంట. సంగారెడ్డి దవాఖానకు తీస్కపోయిన్రంట" అని శ్రావణ్ చెప్పి పోయాడు.

ఆ జ్వరం ఎందుకొచ్చిందో బడి మొత్తంలో హర్షిణికొక్కదానికే తెలుసు!

నిన్న టీచర్ నిషితను క్లాస్ లీడర్‌ని చేశారు. హర్షిణికి ఒళ్లు మండిపోయింది. గ్రౌండ్‌లో నిషితకు అడ్డంగా నిలబడి, కళ్లురిమి, "ఓం దుం దుర్గాయై నమః!" అని గట్టిగా అరిచింది. "మంత్రమేసిన. నువ్వు మంచం పడ్తవ్, చూస్కో" అని కూడా అంది.

అది ఇస్మాయిల్‌ఖాన్‌పేట భవానీ గుడి మైకులో విన్న మంత్రం. అర్థం తెలియదు. "దుం" అంటుంటే ఏదో పేలినట్టుంటుందని నచ్చింది, అంతే. ఇప్పుడేమో నిషిత నిజంగానే మంచం పట్టింది.

సాయంత్రం ఇంటికొచ్చినా హర్షిణికి ముద్ద దిగలేదు. వాకిట్లో చిక్కుడుకాయలు తుంచుతున్న నానమ్మ కౌసల్య పక్కన కూలబడింది.

"నానమ్మా, ఏసిన మంత్రాన్ని వాపస్ తీస్కోవచ్చా?"

నానమ్మ చెయ్యి ఆగింది. "ఎవరి మీద ఏసినవ్ బిడ్డా?"

ఇంకేముంది, ఏడుపు తన్నుకొచ్చింది. జరిగిందంతా వెక్కుతూనే చెప్పేసింది.

నానమ్మ తిట్టలేదు. "దాని అర్థం ఎరికేనా నీకు?" అని అడిగింది. హర్షిణి తల అడ్డంగా ఊపింది.

"ఓం అని దేవుణ్ణి తలుసుకుంటం. దుం అంటే దుర్గమ్మను పిలిసే అక్షరం. పసిపిల్ల అమ్మను పిల్చినట్టు, ఒక్క అక్షరంతోనే పిలుస్తం. దుర్గాయై నమః అంటే దుర్గమ్మకు దండం. అమ్మా, నీకు దండం, మమ్ముల గట్టెక్కియ్యి అని. గంతే."

"మంచం పట్టాలె అని లేదా?"

"యాడున్నది? నువ్వే సూడు."

హర్షిణి పెదవులు కదుపుతూ వెతుక్కుంది. లేదు. ప్రాణం లేచొచ్చింది. అంతలోనే సిగ్గుతో ముఖం వేడెక్కింది.

"గది నేనన్న మాట, నానమ్మా... అయ్యో, నిషితకు గూడ అర్థం తెల్వదు!"

చెప్పులేసుకుని నిషిత ఇంటికి పరుగెత్తింది.

తలుపు తీసింది నిషిత అమ్మ రేఖ. "దవాఖాన నుంచి ఇప్పుడే వచ్చినం. గోలీలేసినం, జరం దిగుతున్నది. కానీ పిల్లకు నిద్ర పడ్తలేదు. చచ్చిపోతనా అమ్మా అని ఒక్కతీరుగ అడుగుతున్నది. ఎందుకో సమజైతలేదు" అంది.

ఆమెకేమీ తెలియదు. నోరు మూసుకుని తిరిగి పోవచ్చు. హర్షిణి గడప దాటి లోపలికి నడిచింది.

మంచం మీద నిషిత హర్షిణిని చూడగానే దుప్పటి ముఖం మీదికి లాక్కుంది.

"నిషితా, ఆ మంత్రం దుర్గమ్మకు దండం పెట్టేది" అంది హర్షిణి. "మంచం పట్టాలె అన్నది మంత్రంల లేదు. నేనే కలిపిన. నువ్వు లీడరైనవని కుళ్లుకున్న. తప్పయింది."

రేఖ ముఖం ఎర్రబడింది. హర్షిణి తల దించుకుంది గానీ అక్కడినుంచి కదలలేదు.

దుప్పటి కొంచెం జారింది. "మరి నేను చావనా?"

"చావవు. జరం దిగుతున్నదని మీ అమ్మనే చెప్పింది."

నిషిత నవ్వలేదు. గోడవైపు తిరిగి పడుకుని, "నేను పండుకునేదాంక ఈడనే కూసో" అంది.

బయట ఫ్యాక్టరీ షిఫ్టు బస్సులు హారన్ కొడుతూ పోతున్నాయి. రేఖ కోపంగా చూస్తూనే ఉంది. నిషిత కళ్లు మూతలు పడేదాకా హర్షిణి ఆ మంచం పక్కనే కూర్చుంది.