మేకుకి వేలాడిన బూట్లు

బడి నుంచి రాగానే ఎఫీకి పని తగిలింది. నాన్న ఎనోక్ తడిసిన ఫుట్‌బాల్ బూట్లు చేతిలో పెట్టాడు.

"లోపల పాత పేపర్లు కుక్కి చల్లటి గదిలో పెట్టు. పొయ్యి దగ్గర మాత్రం వద్దు తల్లీ."

"తెలుసులే నాన్నా! ప్రతి శుక్రవారం ఇదే పాట."

నాన్న ఫుట్‌బాల్ క్లబ్బుకి వెళ్ళాడు. రేపటి ఆటలో తడబడితే జట్టులో ఆయన చోటు కొత్త ఆటగాడికి ఇచ్చేస్తారు. ఆటే ఆయన ఉద్యోగం. అది పోతే మళ్ళీ బొగ్గు గనిలోకి దిగాల్సిందే.

ఎఫీకి అదంతా తెలుసు. కానీ వీధిలో పిల్లలు మంచు మీద జారుతూ కేకలేస్తున్నారు. ఇప్పుడు పేపర్లు ఎవరు కుక్కుతారు? బూట్లు పొయ్యి ముందు పడేసి తుర్రుమంది.

చీకటి పడుతుండగా తిరిగొచ్చింది. అమ్మ ఇంకా మిల్లులోనే ఉంది. ఇంట్లో ఎవరూ లేరు.

కిర్ర్... కిర్ర్...

పొయ్యి ముందు బూట్లు మూలుగుతున్నాయి. ఎఫీ చూస్తుండగానే ఒకటి మెల్లగా ఆమె వైపు తిరిగింది.

ఎఫీకి ఒళ్ళు జల్లుమంది. సేత్ బాబాయ్ గుర్తొచ్చాడు. నాన్న జట్టులోనే ఆడేవాడు, కిందటి చలికాలం జ్వరంతో చనిపోయాడు. ఆయన బూట్లు ఇంకా క్లబ్బు గదిలో మేకుకి వేలాడుతున్నాయి. ఎవరూ వాటిని ముట్టుకోరు. పొగమంచు రోజుల్లో అవి నడుస్తాయని పిల్లలు చెప్పుకుంటారు.

గబుక్కున నాన్న బూట్లు వెనక్కి లాగింది. తోలు బిగుసుకుపోయి పగిలింది. ఆ పగుళ్ళ నిండా తోలుకి రాసే కొవ్వు పూసి దాచేసింది. నాన్నకి చెప్పలేదు.

మర్నాడు ఊరంతా పొగమంచు. ఎఫీ క్లబ్బు గది తలుపు దగ్గర నిలబడింది. నాన్న బూట్లలో కాళ్ళు పెడుతున్నాడు.

కిర్ర్...

ఎఫీ తలెత్తింది. మేకు మీద సేత్ బూట్లు ఊగుతున్నాయి. గదిలో గాలి లేదు.

"నాన్నా, వేసుకోకు!" అని అరిచేసింది. "పొయ్యి దగ్గర పెట్టాను. పగిలాయి. కొవ్వు రాసి దాచాను."

నాన్న బూటు విప్పి వంచాడు. అడుగు ఫట్‌మని విరిగింది.

"ఆట మధ్యలో విరిగుంటే నీ కాలు పోయేది ఎనోక్," అన్నాడో ఆటగాడు. "ఇప్పుడేం చేస్తావ్?"

అందరి చూపూ మేకు వైపు వెళ్ళింది.

నాన్న లేచి సేత్ బూట్లు దించాడు. "ఈ ఒక్కపూటకి ఇవ్వరా సేత్," అన్నాడు నెమ్మదిగా. అవి ఆయన కాళ్ళకి సరిగ్గా సరిపోయాయి.

మైదానంలో పొగమంచుకి ఎవరూ కనబడలేదు. అడుగుల చప్పుడొక్కటే వినిపించింది. నాన్న అడుగుల పక్కనే ఇంకో జత అడుగులు పరుగెత్తినట్టు ఎఫీకి అనిపించింది.

సాయంత్రం నాన్న బురదలో మునిగి, నవ్వుతూ వచ్చాడు. చోటు నిలిచింది.

ఎఫీ అడగకుండానే సేత్ బూట్లు అందుకుంది. బురద కడిగింది. బూట్ల కొనల దాకా పేపర్లు కుక్కింది. చల్లటి గదిలో రాతి పలక మీద పెట్టింది. వీధిలోంచి పిల్లలు పిలిచినా కదల్లేదు.

కిర్ర్...

ఈసారి భయపడలేదు.

"పొయ్యికి దూరంగానే పెట్టాను బాబాయ్," అంది.

బూట్లు ఊరుకున్నాయి.