నిండుగా పోసిన గ్లాసు

ఆదివారం పొద్దున్న పది కాకముందే ఇజ్రాయెల్‌లోని హైఫాలో డిటెక్టివ్ అబెన్సూర్ ఆఫీసు తలుపు దబదబా మోగింది. నవా వెళ్ళి తీసింది. గుమ్మంలో ఒకావిడ నిలబడి ఉంది. నలభై ఏళ్ళుంటాయేమో. బూట్లకి బురద, చంకలో కాగితాల చుట్ట, మొహాన నెత్తురుచుక్క లేదు.

“నా పేరు తిర్జా గెల్ఫర్. మా వైను ట్యాంకు సీలు ఎవరో కోసేశారు. నేనే కోశానంటున్నారు. సాయంత్రం ఐదింటిలోగా కాదని తేల్చకపోతే ఆరేళ్ళ కష్టం కాలవలో పోసుకోవాలి.”

గెర్షోమ్ అబెన్సూర్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఈయన కళ్ళజోడు తుడుస్తున్నాడంటే కేసు ఒప్పుకున్నట్టే అని నవాకి తెలుసు. మూడేళ్ళుగా ఆయన దగ్గర పనిచేస్తోంది, ఆయనంటే దానికి అంత గురి.

“కూర్చోండమ్మా. మొదట్నించీ చెప్పండి.”

కాఫీ చల్లారిపోతున్నా ముట్టుకోకుండా చెప్పుకొచ్చిందావిడ. ముత్తవ్వ గితెల్ బెస్సరేబియా నుంచి వస్తూ ద్రాక్ష కొమ్మలు తడి గోనెలో చుట్టి తెచ్చింది. కార్మెల్ కొండల దక్షిణపు అంచున రాళ్ళు ఏరి పాతింది. మొగుడు జ్వరంతో పోతే గాడిద మీద పీపాలు కట్టుకుని ఊరూరా వైను అమ్మింది. ఆ తర్వాతివాళ్ళు పండగలకి తాగే చవక తీపి వైనుతోనే రోజులు వెళ్ళదీశారు. తిర్జా మాత్రం ముత్తవ్వ తీగల నుంచే పెద్దింటి బల్లల మీదికి వెళ్ళే వైను తీయాలనుకుంది. దాని పేరు కూడా ‘గితెల్’ అనే పెట్టింది. అది కోషర్ ముద్రతో, అంటే యూదుల ఆచారం ప్రకారం శుద్ధమైనదన్న గుర్తుతో, పస్కా పండగ నాటికి బయటికి రావాలి.

“ద్రాక్ష నాది, పద్ధతి నాది. కానీ ట్యాంకు ముట్టుకోకూడదు నేను. శుక్రవారం దీపాలు పెట్టిన దగ్గర్నించి శనివారం చీకటిపడేదాకా సబ్బాతు, అప్పుడూ కారు నడుపుతాను కదా. సబ్బాతు పాటించనివాళ్ళ చెయ్యి పడితే ఆ వైను కోషర్ కాదు. పంపులూ పీపాలూ మా అన్నయ్య ఒవద్యా చూస్తాడు, పదేళ్ళయింది వాడు భక్తిలో పడి. శాంపిల్ చిన్న సీసాలో పట్టి పైకి పంపేది ముద్ర వేసే మతగురువు, మా రబ్బీ ఎల్కనా గారు. నేలమాళిగలోకి వెళ్తే చేతులు వెనక్కి కట్టుకుని నిలబడతాను. నా సొంత ఇంట్లో, దొంగలా!”

“అన్నయ్యతో పడదా?”

“వాడికి ఆ కొండ హోటల్ కట్టేవాళ్ళకి అమ్మేయాలని. నాకు ఇష్టం లేదు. మా ఇద్దరికీ సమాన వాటాలు. మిగతాది జెలిగ్ బాబాయిది. ఈ వైను పస్కాకి బయటికొస్తే నీ వైపు, రాకపోతే వాడి వైపు అన్నాడు బాబాయి.” ఆవిడ చంకలోని కాగితాల చుట్టని గట్టిగా పట్టుకుంది. “ఇంకో నాలుగు నెలలు ఆగితే సరిపోయేది.”

* * *

గెల్ఫర్ల నేలమాళిగలోకి పదిహేడు మెట్లు. అడుగున చలి కన్నా మాటలే ఎక్కువ గుచ్చుకున్నాయి.

“ఓహో, డిటెక్టివ్‌ని కూడా పట్టుకొచ్చావా?” ఒవద్యా మెట్ల కిందే ఎదురొచ్చాడు. పొడుగు మనిషి, నల్ల టోపీ, నెరుస్తున్న గడ్డం. “చేసిన పని కడుక్కోడానికి ఇంట్లో నీళ్ళు చాల్లేదా?”

“నోరు అదుపులో పెట్టుకో అన్నయ్యా.”

“నేనా? ఆత్రం ఆపుకోలేక కుళాయి తిప్పింది నువ్వు, నోరు నేను మూసుకోవాలా?”

అబెన్సూర్ చేతులు వెనక్కి కట్టుకున్నాడు. “నేను కూడా నిన్న కారేసుకుని సముద్రానికి వెళ్ళొచ్చినవాణ్ణే. కాబట్టి ఏదీ ముట్టుకోను, చూస్తాను.” నవా కూడా గబుక్కున చేతులు జేబుల్లో పెట్టుకుంది.

పెద్ద స్టీలు ట్యాంకు కుళాయికి చుట్టిన తీగ తెగి వేలాడుతోంది. దాని కొసన రబ్బీ ముద్ర వేసిన సీసపు బిళ్ళ. పక్కన పీపా మీద సన్నకాడ గ్లాసు, అంచు దాకా నిండుగా ఎర్రటి వైను. పీపా చెక్క మీద గ్లాసు అడుగు చుట్టూ పొర్లిన మరక. వైను మీద రెండు చిన్న ఈగలు తేలుతున్నాయి.

“ఆ గ్లాసు ఎవరిది?”

“నాదే,” అంది తిర్జా. “పైన నా గదిలో ఉంటుంది. గదికి తాళం వెయ్యను.”

“పొద్దున్న దీన్ని ఎవరైనా కదిపారా?”

“ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు,” అన్నాడు రబ్బీ ఎల్కనా. చిన్న మనిషి, ఏడ్చినట్టు కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. “శుక్రవారం ఒంటిగంటకి నా చేత్తో ముద్ర వేసి, తలుపు తాళం వేసి, బస్సెక్కి మా అమ్మాయి ఇంటికి బ్నెయి బ్రాక్ వెళ్ళాను. మనవడి సున్నతి. నలభై మంది చుట్టాలు. ఇవాళ ఏడింటికి వచ్చి తలుపు తీస్తే ఇదీ సంగతి.”

“ఒక్క గ్లాసు తీస్తేనే ట్యాంకంతా పోయినట్టేనా రబ్బీ గారూ?”

“ఎవరు తీశారన్నదాన్ని బట్టి. సబ్బాతు పాటించే మనిషి అయితే ఇబ్బంది లేదు, మళ్ళీ ముద్ర వేస్తాను. పాటించని మనిషయితే పోయింది. ఎవరో తెలియకపోయినా పోయినట్టే. ఐదింటికి మా పైవాళ్ళకి కబురు చెప్పాలి.” ఆయన నిట్టూర్చాడు. “ఇంకా దేవుడి వంతు దశమ భాగం కూడా తీయలేదు దీనికి. అది తీసి నేల మీద పారబోస్తే గాని మాబోటివాళ్ళం చుక్క నోట పెట్టం. సీసాల్లోకి ఎక్కించేముందు తీద్దామనుకున్నా.”

“తాళాలు?”

“మూడు. ఒకటి నాది, ఒకటి ఒవద్యాది, ఒకటి జెలిగ్ గారి వంటింట్లో మేకుకి.”

“ఆ మేకుకున్నదే తీసుకుంది,” అన్నాడు ఒవద్యా. “నిన్న సబ్బాతు మధ్యాహ్నం ప్రార్థన అయ్యాక నడిచొస్తుంటే దీని కారు గేటు దగ్గరుంది. కళ్ళారా చూశాను.”

“బాబాయికి సూప్ తెచ్చాను!” అంది తిర్జా. “కింద అడుగుపెట్టలేదు.”

“చూసినవాళ్ళున్నారా?” అడిగాడు అబెన్సూర్.

“బాబాయి నిద్రపోతున్నాడు.”

“అదిగో,” అన్నాడు ఒవద్యా, నవ్వుతూ.

ఆ నవ్వు చూస్తే నవాకి ఒళ్ళు మండింది. అబెన్సూర్ మాత్రం గోడవైపు చూస్తున్నాడు. అక్కడ ఎనభై దాటిన జెలిగ్, ఈ గొడవ తనది కానట్టు, అద్దాల పెట్టెలోని ఇత్తడి యంత్రానికి కీ ఇస్తున్నాడు. దాని డోలుకి కొత్త కాగితం చుట్టి ఉంది. సన్నటి పెన్ను దాని మీద వంకాయరంగు గీత గీస్తోంది.

“ఏమిటి తాతగారూ ఇది?”

“మా నాన్న కొన్నాడు. మాళిగ ఎంత చల్లగా ఉందో వారమంతా అదే రాసుకుంటుంది. ఆదివారం ఆదివారం కాగితం మారుస్తాను. యాభై ఏళ్ళలో ఒక్కసారి తప్పలేదు.” ముసలాయన విసుక్కున్నాడు. “వీళ్ళిద్దరూ కొట్టుకు చచ్చినా ఇది మాత్రం నడవాలి.”

“పాత కాగితాలు పారేస్తారా?”

“పారేయడమేంటయ్యా? అన్నీ సొరుగులో ఉన్నాయి.”

అబెన్సూర్ కళ్ళజోడు మళ్ళీ తుడుచుకున్నాడు. పైకి వస్తూ తిర్జాని ఒకటే అడిగాడు. “శుక్రవారం సాయంత్రం ఎక్కడున్నారు?”

“హదేరాలో. మా అమ్మాయి బాస్కెట్‌బాల్ ఆట. మూడు నుంచి ఐదు దాకా. జట్టంతా చూసింది. కానీ శుక్రవారంతో ఏం పని?”

ఆయన అప్పటికే జేబులోంచి ఫోన్ తీస్తున్నాడు.

* * *

నాలుగింటికి అబెన్సూర్ అందరినీ జెలిగ్ వంటింట్లో కూర్చోబెట్టాడు. బల్ల మీద నీళ్ళ కూజా, నాలుగు ఖాళీ గ్లాసులు.

“ఒక్కొక్కరు ఒక గ్లాసులో పొయ్యండి. వైను అనుకోండి.”

“పిల్లలాటలా ఇవి?” అన్నాడు ఒవద్యా.

“ఐదింటిదాకా కాలక్షేపం కావాలిగా. పొయ్యండి.”

తిర్జా రెండు వేళ్ళెత్తు పోసి, అలవాటుగా గ్లాసు గుండ్రంగా తిప్పింది. జెలిగ్ సగం పోసి, మిగతా సగం సోడా ఉండాలన్నాడు. రబ్బీ అంచుదాకా పోశాడు. ఒవద్యా విసురుగా కూజా ఎత్తి అంచుదాకా పోశాడు, రెండు చుక్కలు బల్ల మీద పడ్డాయి.

కింద పీపా మీద పొర్లిన మరక గుర్తొచ్చింది నవాకి.

“చూశారా?” అన్నాడు అబెన్సూర్. “తిర్జా గారు రుచి చూడాలంటే ఇంతే పోస్తారు. తిప్పాలి, వాసన చూడాలి. నిండా పోస్తే తిరగదు. కింద ఉన్న గ్లాసు నిండుగా ఉంది. అలా పోసే చెయ్యి ఎవరిది? శుక్రవారం రాత్రి ఇంట్లో బల్ల దగ్గర నిలబడి దీవెన చెప్పడానికి గిన్నె నింపే చెయ్యి. ఆ గిన్నె అంచుదాకా నిండాలి. ఏళ్ళ తరబడి అలా నింపినవాడికి ఇంకోలా పొయ్యడం రాదు.”

ఒవద్యా చెయ్యి గ్లాసు మీంచి వెనక్కొచ్చింది.

“రెండోది. ఆత్రం ఆపుకోలేక సీలు కోసిన మనిషి ఆ వైను ఎందుకు తాగలేదు? ఒక్క గుక్క కూడా తగ్గలేదే! ఎందుకంటే దశమ భాగం తీయని వైను అది. దొంగతనం చెయ్యడానికి జంకలేదు గాని, అది నోట పెట్టడానికి జంకాడు. తాతగారికి ఆ పట్టింపు లేదు. అలా జంకేవాళ్ళలో తాళం ఉన్నవాళ్ళు ఇద్దరే. రబ్బీ గారు బ్నెయి బ్రాక్‌లో ఉన్నారు. నేను ఫోన్ చేసి కనుక్కున్నాను. ఇక మిగిలింది ఒక్కరు.”

“నీళ్ళు నిండా పోశానని నేరం మోపుతావా?”

“చెల్లెలి గ్లాసు పైనుంచి తెచ్చి అక్కడ పెట్టింది మీరు. చెల్లెలి కారు చూశానని చెప్పింది మీరు. హోటల్ వాళ్ళకి కొండ అమ్మాలని చూస్తున్నది మీరు.”

“ఏరా?” జెలిగ్ కుర్చీలోంచి సగం లేచాడు. “ఒరే ఒవద్యా, మా అమ్మమ్మ పేరు పెట్టుకున్న వైనురా అది!”

ఒవద్యా మొహం కందగడ్డలా అయింది. ఒక్కసారిగా లేచాడు, కుర్చీ వెనక్కి పడింది.

“అవును! నేనే! పేరేమో మీ అందరిదీ, చాకిరీ నాది! దాని చెయ్యి పనికిరాదని పదేళ్ళుగా నా చేతులతో పీపాలు దొర్లించాను. లేబుల్ మీద ఎవరి పేరుంటుంది? దానిది! ఆ కాగితాల చుట్ట నాకు చూపించను కూడా చూపించదు!” ఊపిరి తీసుకున్నాడు. తిర్జా కళ్ళలోకి చూస్తూ ఒక్కో మాటా ఒత్తి పలికాడు. “ఇంకోటి విను. సబ్బాతు నాడే చేశాను. నిన్న మధ్యాహ్నం, దీపం వేసి, కత్తితో తెంపి, కుళాయి తిప్పాను. సబ్బాతు చెరిపిన చెయ్యి ఇది. ఇక నీ చెయ్యీ నా చెయ్యీ ఒకటే. పోయి పారబోసుకో!”

తిర్జా బల్ల మీద తల వాల్చేసింది. అయ్యో, దొంగని పట్టుకుని వైనుని పోగొట్టామే అనుకుంది నవా. ఏడుపొచ్చినంత పనయింది దానికి.

“తాతగారూ,” అన్నాడు అబెన్సూర్ నెమ్మదిగా, “పొద్దున్న మార్చిన పాత కాగితం ఇలా ఇవ్వండి.”

జెలిగ్ సొరుగు లాగి, పొడుగాటి కాగితం బల్ల మీద పరిచాడు. వంకాయరంగు గీత చదునుగా సాగి అక్కడక్కడా కిందికి దిగింది.

“బయట చలి. తలుపు తీస్తే చల్లగాలి మాళిగలోకి దిగుతుంది, గీత పడుతుంది. ఇది శుక్రవారం ఒంటిగంట, రబ్బీ గారు బయటికొచ్చారు. ఇది మూడూ ఇరవై, మళ్ళీ ఎవరో తలుపు తీశారు, అప్పుడు తిర్జా గారు హదేరాలో ఉన్నారు. సబ్బాతు మొదలయ్యే దీపాలు నాలుగుంబావుకి. అక్కణ్ణించి చూడండి. శుక్రవారం రాత్రి, శనివారం పగలు, శనివారం రాత్రి, చదును. మళ్ళీ గీత పడింది ఆదివారం ఏడింటికి, రబ్బీ గారు వచ్చినప్పుడు.” ఆయన ఒవద్యా వైపు తిరిగాడు. “అబద్ధం చెప్పావు, చెల్లెల్ని ముంచావు. కానీ సబ్బాతు చెరపలేకపోయావు. పని పూర్తిచేసుకుని గంట ముందే ఇంటికి పరిగెత్తావు.”

రబ్బీ కాగితం మీదికి వంగి, గీత వెంబడి వేలు పోనిచ్చాడు. రెండుసార్లు చూశాడు. తలెత్తేసరికి కళ్ళలో నీళ్ళు.

“మన ధర్మంలో ఒక కట్టుబాటు ఉంది ఒవద్యా. తాను పాపినని ఎవడైనా తన నోటితో చెప్పుకుంటే ఆ మాట చెల్లదు. నీ మాట నేను వినలేదు. కాగితం చూశాను. సీలు తెంపింది సబ్బాతు పాటించే మనిషి. వైను కోషర్. ఇప్పుడే వెళ్ళి ముద్ర వేస్తాను.”

“నా వాటా తిర్జా వైపు,” అన్నాడు జెలిగ్. “పస్కా దాకా ఆగక్కర్లేదు.”

తిర్జా లేచింది. నవ్వుతుందనుకుంది నవా. నవ్వలేదు. “తాళం బల్ల మీద పెట్టు,” అంది అన్నతో. ఒవద్యా పెట్టాడు. గుమ్మం వైపు రెండడుగులు వేశాడు.

“ఆగు. ఇది చూసి వెళ్ళు. పొద్దున్నించీ చంకలో పెట్టుకుని తిరుగుతున్నాను. పండగ రోజు చూపిద్దామనుకున్నాను నీకు.”

కాగితాల చుట్ట విప్పి అతని ముందు పరిచింది. ప్రెస్సు నుంచి వచ్చిన లేబుల్. నడుమ గాడిద, పీపాలు, తలకి గుడ్డ కట్టుకున్న ఆడమనిషి. కింద రెండు వరసలు. పై వరసలో, ‘గితెల్ మునిమనవడు ఒవద్యా చేతి మీదుగా’. దాని కింద తిర్జా పేరు, కొంచెం చిన్న అక్షరాల్లో.

ఒవద్యా దాని మీదికి వంగాడు. వేలితో తన పేరు ముట్టుకోబోయాడు.

“చెయ్యి తియ్యి,” అంది తిర్జా. “దాన్ని మళ్ళీ అచ్చు వేయించుకోవాలి నేను.”