నూరో రోజు గీత

ఇందుమతి పైడయ్య నుదుటికి నిలకడ పట్టీ కట్టి, ముడి చెవి వెనక్కి జరిపింది. ఎదురుగోడ మీద ఆయన మనసు కదలికను చూపే ఆకుపచ్చ గీత పాకడం మొదలుపెట్టింది. ఇరవై నిమిషాలు అది హద్దు దాటకూడదు. దాటలేదు. విమోచన కేంద్రంలో పన్నెండేళ్ళుగా గీతదర్శిగా పనిచేస్తున్న ఆమెకు ఇంత శుభ్రమైన గీత మరే ఖైదీ దగ్గరా కనబడలేదు.

మనసు కుదుటపడినవాడికి గోడలు అక్కర్లేదన్నది ఆ కేంద్రం సూత్రం. వరసగా నూరు రోజులు గీత నిలిస్తే గేటు తెరుచుకుంటుంది. వలల తగాదాలో మనిషిని కొట్టి వచ్చిన పైడయ్యకు ఇది నూరో రోజు. ఆయన భార్య నీలమ్మ అన్నం క్యారియరు ఒళ్ళో పెట్టుకుని పొద్దుటినుంచీ గేటు బయట కూర్చుని ఉంది.

నూరో రోజున యంత్రం ఖైదీ గీతలన్నిటినీ భాండాగారంలోని గీతలతో పోల్చి చూస్తుంది. మామూలుగా రెండు నిమిషాల పని. ఈసారి గోడ ఎర్రబడింది. సరిజోడు గీత అని అక్షరాలు వచ్చాయి. పైడయ్య యాభై ఎనిమిదో రోజు గీత, గీతదర్శి ఇందుమతి ఆ మర్నాటి ఉదయపు గీత ఒక్కటే. ఉద్యోగి గీతతో కలిస్తే యంత్రం తేదీలు చూడదు, దొంగ ఖైదీయే. ఖైదీ అపహరణ. లెక్క మళ్ళీ ఒకటి నుంచి. ధ్రువీకరణకు గీతదర్శి వేలిముద్ర కావాలి.

ఇందుమతి గోడ మీది అక్షరాలు మళ్ళీ చదివింది. దొంగ ఎవరో ఆమెకు తెలుసు.

ఉద్యోగులు కూడా రోజూ పొద్దున్నే తమ గీత దాఖలు చెయ్యాలి. ఏడాదిగా ఆమె కళ్ళు మూసుకుంటే చాలు, బుర్ర సంతలా ఉండేది. వరసగా మూడుసార్లు గీత తప్పితే ఉద్యోగం ఊడుతుంది. రెండుసార్లు తప్పిన మర్నాడు, ముందురోజు తానే తీసిన పైడయ్య గీతను తన పేరున ఎక్కించింది. ఖైదీల గీతలను యంత్రం ఖైదీల గీతలతోనే పోలుస్తుందని ఆమె ధీమా. చెప్పేవి శ్రీరంగ నీతులన్న మాట ఊరికే పుట్టలేదు.

పర్యవేక్షకుడు విశ్వేశ్వరం వచ్చి గోడ చదివి, ఖైదీ బుద్ధి ఎక్కడికి పోతుందన్నాడు. వేలిముద్ర వేసేస్తే భోజనానికి వెళ్ళొచ్చన్నాడు.

తాను ఎవరి గీతా తీయలేదని పైడయ్య ఒక్కసారే చెప్పాడు. తర్వాత కళ్ళు మూసుకుని తన ఊపిరి చూసుకున్నాడు.

"మళ్ళీ కూకుంటాన్లెండమ్మా. మా ఇంటిదానికి మాత్రం మీరే సెప్పండి. ఎండలో ఉంది."

ఆయన అరిచినా, శాపనార్థాలు పెట్టినా ఇందుమతి వేలు పడేదేమో. ఆ మాటకు మాత్రం తలెత్తలేకపోయింది. వేలిముద్ర అద్దం దాకా వెళ్ళిన వేలు తాకకుండా వెనక్కి వచ్చింది. పైడయ్య నుదుటి పట్టీ విప్పి, చాప మీద కూర్చుని తన నుదుటికి కట్టుకుంది.

"ఆ గీత ఈయనదేనండి. నేనే దొంగిలించాను. నాది ఇదిగో, ఇది."

గీత హద్దు దాటి గోడ అంచు దాకా ఎగిరింది. పడింది. మళ్ళీ ఎగిరింది. పన్నెండేళ్ళ మర్యాద అందరి కళ్ళెదుటా గిలగిల్లాడుతుంటే ఆమె ఒళ్ళంతా సిగ్గుతో మండిపోయింది. లేచి పారిపోవాలనిపించింది కానీ కదల్లేదు.

యంత్రం చాలాసేపు ఆలోచించింది. పైడయ్య నూరు రోజులూ నిజమేనని తేల్చింది. ఆ వెంటనే ఇంకో వరస రాసింది. ఉద్యోగుల గీతలన్నీ అనుమానాస్పదం. అందరూ ఇప్పుడే, ఇక్కడే కూర్చోవాలి. గీత నిలవనివారికి గేటు తెరవబడదు.

గుమ్మం దాకా వెళ్ళిన పైడయ్య వెనక్కి తిరిగాడు. ఆమె మొహం చూడకుండా గోడ మీది గీతనే చూస్తూ అన్నాడు.

"పరిగెడితే పరిగెట్టనీండమ్మా. పరిగెడతన్నాదని తెలస్తంది కదా, అదే పని. నాకూ రోజూ అంతే."

ఆయన వెళ్ళిపోయాడు. గేటు తెరుచుకున్న చప్పుడు, నీలమ్మ గొంతు వినిపించాయి.

కొక్కేనికి ఉద్యోగుల పట్టీలు ఆరు వేలాడుతున్నాయి. విశ్వేశ్వరం చెయ్యి వాటి దాకా వెళ్ళి ఆగిపోయింది. నుదుట చెమట తుడుచుకుని ఆయన గేటువైపు చూశాడు. గీత దొంగిలించింది తనొక్కతే కాదని ఇందుమతికి అప్పుడు అర్థమైంది. సిగ్గు ఏమీ తగ్గలేదు. గోడ మీద గీత ఎగురుతూనే ఉంది.

ఆమె చాప మీద కాస్త పక్కకు జరిగి ఆయనకు చోటిచ్చింది.