ఏడో నంబరు చోట టక్ టక్

ఆ మైదానంలో టెంట్లు వేసుకోవడానికి మొత్తం పన్నెండు చోట్లున్నాయి. పదకొండింటికి జనం ఎగబడతారు. ఏడో నంబరు మాత్రం సెలవుల్లో కూడా ఖాళీగానే పడి ఉంటుంది.

అది మంచి చోటు కాదంటారు.

మిగతావన్నీ మెట్ట మీద, వంటషెడ్డుకీ కొళాయిలకీ దగ్గర. ఏడో నంబరొక్కటే పల్లంలో, చెట్ల వెనక, మూసేసిన పాత బావి పక్కన. ఎండ అక్కడికి ఆలస్యంగా వస్తుంది, తొందరగా పోతుంది. రాత్రిపూట అక్కడ ఎవరో టెంటు తడతారట. జిప్పు తీసి చూస్తే ఎవరూ ఉండరట. చాలా ఏళ్ల కిందట కొత్తగా పెళ్లయిన జంట ఒకటి అక్కడ పడుకుంది... తెల్లారి లేవలేదు. ఒంటి మీద గాయం లేదు, గీత లేదు. టెంటు జిప్పు లోపలినుంచి వేసింది వేసినట్టే ఉంది.

అలాంటి చోటు, బండి మీద బట్టలు ఇస్త్రీ చేసే ఇస్త్రీ అక్క కుటుంబానికి దొరికింది. దానికి కారణం — కుక్క.

"కుక్కతో వచ్చినవాళ్లకి పైన ఇవ్వమండీ. పిల్లలు భయపడతారు" అన్నాడు అక్కడి మేనేజరు, రిజిస్టరులోంచి తలెత్తకుండానే. "కింద ఏడు ఉంది. కావాలంటే తీసుకోండి."

ఇస్త్రీ అక్క మొగుడు బస్సు డిపోలో మెకానిక్. దేనికైనా ముందు ఒక నవ్వు నవ్వి తర్వాత ఆలోచించే మనిషి. సరేనన్నాడు.

మేనేజరు అప్పుడు తలెత్తి, గొంతు తగ్గించి ఒక మాట చెప్పాడు. "రాత్రి ఎవరైనా తడితే తీయకండి. పలక్కండి కూడా. వాళ్లే పోతారు."

"మా ఆవిడ ఈమధ్య పగలు పిలిచినా పలకదులెండి" అన్నాడు మెకానిక్.

ఇస్త్రీ అక్క నవ్వలేదు. నొచ్చుకోనూ లేదు. ఆ మాట ఎవరినో అన్నట్టు విని, కుక్క గొలుసు పట్టుకుని నిలబడింది.

నాలుగు నెలలుగా ఆవిడ అలాగే ఉంది.

నాలుగు నెలల కిందట ఆవిడ మావయ్య, మొగుడి తండ్రి, పోయాడు. కలప డిపోలో ముప్పయ్యేళ్లు రాత్రి కాపలా కాసిన మనిషి. ఆయన వెనకాలే తిరిగే నల్లమచ్చల కుక్కకి "సూపర్‌వైజర్" అని పేరు పెట్టాడు. "నాదేముంది, నేను తిరుగుతాను. నేను సరిగ్గా తిరిగానో లేదో వాడు చూస్తాడు" అనేవాడు. ఏ గుమ్మమైనా ముందు ముసలాయన దాటాలి, ఆ తర్వాతే కుక్క దాటేది. ఆయన పోయినా వాడి అలవాటు పోలేదు. ప్రతి గుమ్మం ముందూ ఆగి, వెనక్కి చూస్తూ నిలబడిపోతాడు. మెడ పట్టుకుని లాగితే గానీ లోపలికి రాడు.

చివరి రెండేళ్లూ మావయ్య మంచాన పడ్డాడు. నోట మాట పోయింది. చేతికర్రతో మంచం ఇనప కోడు మీద తట్టి కోడల్ని పిలిచేవాడు. రెండు సార్లు — కాస్త ఆగి, ఇంకోసారి. టక్ టక్... టక్. డిపోలో ఇనప స్తంభం మీద గంట గంటకీ అలాగే కొట్టేవాడట. అది విని ఇస్త్రీ అక్క లేచేది. నీళ్లా, దుప్పటా, పక్క మార్చడమా — ముఖం చూసి తెలుసుకునేది. "నా కడుపున పుట్టినవాడికన్నా నువ్వే నయం" అన్నట్టు చూసేవాడాయన.

ఆ ఆఖరి రాత్రి కూడా తట్టాడు.

ఆ సంగతి ఇస్త్రీ అక్కకి ఒక్కదానికే తెలుసు. పగలంతా రెండు పెళ్లిళ్ల బట్టలు ఇస్త్రీ చేసి, నడుం విరిగిపోయి పడుకుంది. టక్ టక్... టక్. 'ఇంకాసేపాగి లేద్దాం' అనుకుంది. మళ్లీ వినిపించింది. ఇంకాసేపాగి... అంతే. తెల్లారి లేచేసరికి కర్ర కింద పడి ఉంది. కుక్క దాని పక్కన కూర్చుని ఉంది.

ఆవిడ ఏడవలేదు. అందరూ ఏడుస్తుంటే వచ్చినవాళ్లకి నీళ్లిచ్చింది. "గుండె రాయి చేసుకుంది పాపం" అన్నారు. రాయి చేసుకోలేదు. అదే అయింది.

ఆ రోజునుంచి సూపర్‌వైజర్ రాత్రి రెండింటికి లేచి ఊళపెట్టడం మొదలుపెట్టాడు. ఇంటి ఓనరు రెండు సార్లు మర్యాదగా చెప్పాడు. మూడోసారి, కుక్కయినా ఉండాలి, మీరైనా ఉండాలి అన్నాడు. అందుకే ఈ ప్రయాణం. రెండు రోజులు సరదాగా గడిపినట్టూ ఉంటుంది, వెళ్లేటప్పుడు కుక్కని మేనేజరుకి అప్పజెప్పినట్టూ ఉంటుంది. ఫోనులోనే మాట్లాడుకున్నారు. పదేళ్ల పాపకి మాత్రం ఇంకా చెప్పలేదు.

సాయంత్రం చెట్ల కింద చీకటి ముందే దిగింది. దాంతోపాటే చలి.

ఇస్త్రీ అక్క తన కుంపటి తెచ్చుకుంది. పద్దెనిమిదేళ్లుగా బొగ్గుల ఇస్త్రీ పెట్టెతో బతికిన చెయ్యి ఆవిడది. వంట అయ్యాక మిగిలిన నిప్పుల్ని పట్టకారుతో ఏరి ఇనప పళ్లెంలోకి ఎత్తుతుంటే, ఒకటి జారి బొటనవేలి మీద పడింది.

"ఏమేవ్, చెయ్యి కాలుతోంది" అన్నాడు మెకానిక్.

ఆవిడ వేలు వంక చూసింది. నిజమే, కాలింది. నెప్పి మాత్రం రాలేదు. నిప్పుల మీద మెత్తగా బూడిద కప్పి, పళ్లెం టెంటు లోపల పెట్టింది.

"పొగ రాదూ?"

"బూడిద కప్పాను కదా. పొగెక్కడిది?"

"సరేలే, బొగ్గుల సంగతి నీకు నేను చెప్పడమా" అన్నాడాయన.

ఆవిడ ఇస్త్రీ బండికి మూడు పక్కలా గాలే. అక్కడ కప్పిన నిప్పు పద్దెనిమిదేళ్లలో ఒక్కనాడూ ఎవరినీ ఏమీ చేయలేదు. పొగ లేకపోతే భయం లేదనేది ఆవిడకి తెలిసిన విద్య. చలిగాలి రాకుండా టెంటు కిటికీ బిగించి, అడుగు సందులో పాత దుప్పటి కూడా కుక్కింది.

సూపర్‌వైజర్‌ని బయట, టెంటు మూల దిగ్గొట్టిన ఇనప మేకుకి గొలుసుతో కట్టారు.

"నాన్నా, వాడికి చలేస్తుంది" అంది పాప.

"కుక్కకి బొచ్చుంది. నీకుందా?"

"వాడికి ముసలితనం కూడా ఉంది నాన్నా."

మెకానిక్ దీపం ఆర్పాడు.

పాప నిద్రపోయిందనుకున్నాక గుసగుసగా అన్నాడు. "ఎల్లుండి పొద్దున నువ్వు పాపని తీసుకుని ముందు వ్యాను ఎక్కు. నేను గొలుసు ఆయన చేతికిచ్చి వస్తాను."

"ఊఁ."

"ఏదో ఒకటి అనవే. తిట్టనైనా తిట్టు."

"ఏమనను?"

ఆయన అటు తిరిగి పడుకున్నాడు.

ఎంతసేపైందో తెలియదు...

టక్ టక్.

...టక్.

ఇస్త్రీ అక్క కళ్లు తెరిచింది. తెరిచానని అనుకుంది. చీకటి.

'గొలుసు' అనుకుంది. 'వాడు కదులుతుంటే గొలుసు మేకుకి తగులుతోంది.' తల బరువుగా ఉంది. చేతులూ కాళ్లూ తడిబట్టల మూటలా ఉన్నాయి, ఎత్తాలంటే ఇంకెవరో సాయం పట్టాలన్నట్టు. ఆవిడకి వింతేమీ అనిపించలేదు. నాలుగు నెలలుగా ఒళ్లు అలాగే ఉంటోంది కదా. ఇవాళ కాస్త ఎక్కువ, అంతే.

టక్ టక్... టక్.

కాసేపు నిశ్శబ్దం. ఆకు కదలడం లేదు. చీమ చిటుక్కుమంటే వినిపించేలా ఉంది. పక్కన మొగుడి గురక కూడా లేదు. ఆయన గురక లేని రాత్రి పన్నెండేళ్ల కాపురంలో ఒక్కటీ లేదు... అయినా ఆ ఆలోచన ఎక్కడికీ పోలేదు. వచ్చి, అలాగే ఆగిపోయింది.

తడితే తీయకండి. పలక్కండి కూడా.

తీయను, అనుకుంది. లేచే ఓపికెవరికుంది? నిద్ర చాలా తియ్యగా ఉంది. ఇంకాసేపాగి...

ఇంకాసేపాగి —

ఆ మాట దగ్గర ఆవిడకి ఏదో గుచ్చుకుంది. ఇదే మాట. ఇదే చీకట్లో, ఇదే చప్పుడు విని, ఇలాగే పడుకుని అనుకున్న మాట.

టక్ టక్.

మూడోది పడకముందే ఇస్త్రీ అక్క నోరు తెరిచింది. నాలుక మందంగా ఉంది. "వస్తున్నా... వస్తున్నా మావయ్యా" అంది.

ఆ మూడో దెబ్బ పడలేదు.

నిలబడబోతే కాళ్లు ఆగలేదు. మోచేతుల మీద పాకింది. జిప్పు దొరకలేదు. ఒకసారి, రెండుసార్లు వేళ్లు జారాయి. మూడోసారి దొరికింది. లాగింది. ఎదురుగా చల్లటి గాలి ముఖాన చాచి కొట్టినట్టు తగిలింది. సగం లోపల, సగం బయట బోర్లా పడిపోయింది.

రెండు గుక్కలు గాలి పీల్చాక వెనక్కి తిరిగి చూసింది. లోపల, బూడిద కింద, ఎర్రగా ఒక కన్ను.

అప్పుడు అర్థమైంది.

పాపని కాళ్లు పట్టుకుని లాగింది. దుప్పటి లోపలే ఉండిపోయింది, పిల్ల వచ్చింది. మొగుణ్ని చంకల కింద చేతులు పెట్టి ఈడ్చింది. ఎలా ఈడ్చిందో ఆ తర్వాత ఎప్పుడు తలుచుకున్నా ఆవిడకే తెలియదు. ఆయన గడ్డిలో పడి కక్కుకున్నాడు. కళ్లు మూసుకునే చెట్టుకి ఆనుకున్నాడు. పాప దగ్గింది. దగ్గి, సన్నగా ఏడవడం మొదలుపెట్టింది. ఏడుపు ఇంత మంచి శబ్దమని ఆవిడకి అప్పుడే తెలిసింది.

"సూపర్‌వైజర్" అని పిలిచింది. నువ్వు లేపబట్టి బతికాం రా, అని చెప్దామని.

కుక్క రాలేదు.

మేకు దగ్గరికి పాకింది. గొలుసు ఉంది. గడ్డి మీద కుప్పగా, రెండు కొసల్లోనూ కొక్కెం ఊడదీసి ఉంది. మేకుకీ దానికీ మధ్య జానెడు దూరం. వెన్నెల్లో దాని మీద మంచు మెరుస్తోంది — గొలుసు మీదా, చుట్టూ గడ్డి మీదా, ఒక్క చోట కూడా చెరగకుండా. చాలాసేపటిగా దాన్ని ఎవరూ కదిలించలేదు.

ఇస్త్రీ అక్క ఆ గొలుసుని చూస్తూ కూర్చుండిపోయింది. తర్వాత నెమ్మదిగా టెంటు వైపు తిరిగింది.

ఊపిరి బిగబట్టి మూడోసారి లోపలికి పోయింది. పాప పక్క మీద, దుప్పటి కింద, గుండ్రంగా ఒక ముద్ద. వెచ్చగా ఉంది. కదలడం లేదు.

మెడ తోలు పట్టుకుని లాక్కొచ్చింది. తడిగడ్డి పీకి మూతి తుడిచింది. పక్కటెముకల మీద రెండు చేతులూ పెట్టి, ఇస్త్రీ పెట్టె నొక్కినట్టు, అదే బరువుతో, అదే లయలో నొక్కింది. నొక్కింది. "లేరా. నువ్వు కూడా నా చేతిలో పోకు" అంది. అంత పొడుగు మాట ఆవిడ నాలుగు నెలల్లో అనలేదు.

వాడు తుమ్మాడు.

ఆ తర్వాత చాలాసేపటికి మెకానిక్ కళ్లు తెరిచి చూస్తే, పెళ్లాం ఒళ్లో కుక్క తల పెట్టుకుని ఉంది. ఆయన నవ్వలేదు. నవ్వకుండా మాట్లాడటం ఆయనకి అదే మొదలు. "వీడేనా లేపింది?" అన్నాడు.

ఇస్త్రీ అక్క నోరు తెరిచింది. వాడి తల నిమిరింది.

"ఊఁ" అంది.

తెల్లారి మేనేజరు వచ్చి పళ్లెం చూసి తల పట్టుకున్నాడు. "ఆ జంట కూడా ఇంతేనమ్మా. పల్లంలో చలికి తట్టుకోలేక పొయ్యి లోపల పెట్టుకున్నారు. పొగ లేకపోయినా మూసిన చోట బొగ్గుల విషగాలి చంపుతుందని డాక్టరు అప్పుడే చెప్పాడు. కానీ జనానికి డాక్టరు మాటకన్నా దెయ్యం మాటే రుచి."

"మరి తట్టడం?" అంది ఇస్త్రీ అక్క.

"అదా..." అన్నాడు మేనేజరు. బావి వైపు ఒకసారి చూసి, "ఏమోనమ్మా. అందరూ అనే మాటే నిన్న మీకూ చెప్పాను. నేనైతే ఎప్పుడూ వినలేదు" అన్నాడు.

మెకానిక్ టెంటు మడుస్తూ, ఎవరి ముఖమూ చూడకుండా చెప్పాడు. "కుక్కని ఇవ్వడం లేదండీ. ఇల్లే మారతాం. ప్రాణం పోసినవాడిని గొలుసుతో సహా ఎలా వదిలేస్తాం?"

పాప తల్లి దగ్గరికి వచ్చి చెవిలో నోరు పెట్టింది. "అమ్మా, రాత్రి సూపర్‌వైజర్‌ని లోపలికి తెచ్చింది నేనే. మీరు పడుకోగానే తెచ్చా. వాడు బయట లేడు. నాన్నకి చెప్పకు."

"చెప్పను" అంది ఇస్త్రీ అక్క. "నువ్వు కూడా ఎప్పుడూ చెప్పకు."

"మరి మనల్ని లేపిందెవరు?"

ఆవిడ మేకు పీకి, మట్టి తుడిచి, సంచిలో వేసింది.

సామాను ఎక్కించారు. పాప ఎక్కింది. మెకానిక్ ఇంజను స్టార్ట్ చేశాడు. సూపర్‌వైజర్ వ్యాను తలుపు దగ్గర, ఎప్పటిలాగే ఆగిపోయాడు. వెనక్కి తిరిగి, బావి వైపు చూస్తూ నిలబడ్డాడు.

"లాగవే వాణ్ని" అన్నాడు మెకానిక్.

ఇస్త్రీ అక్క వాడి మెడ మీద చెయ్యి వేసింది. లాగలేదు.

కుక్క చూపు బావి దగ్గరినుంచి నెమ్మదిగా దగ్గరికి వచ్చింది... గడ్డి మీదుగా... టైరు దాకా... మెట్టు దాకా. తోక ఒకసారి ఊపాడు. ఎవరికో దారి ఇచ్చినట్టు కాస్త పక్కకి జరిగాడు. ఆ తర్వాత, ఎవరూ లాగకుండానే, ఒక్క దూకులో ఎక్కేశాడు. సీటు మీద ఒక మనిషి పట్టే చోటు వదిలి, దాని పక్కన కూర్చున్నాడు.

ఇస్త్రీ అక్క తలుపు మెల్లగా వేసింది, ఎవరి వేళ్లూ నలక్కుండా.

అప్పుడు బొటనవేలు మండింది. నిన్న సాయంత్రం కాలిన చోట నీటిబుడ్డ లేచి, భగ్గుమని మండింది. ఆవిడ వేలు నోట్లో పెట్టుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏమైందే?" అన్నాడు మెకానిక్.

"చెయ్యి కాలింది" అంది, ఏడుస్తూ. "పోనివ్వండి."