చక్రాల మీద ఎర్రనీళ్ళు

ఆ ఉదయం రాజ్యలక్ష్మమ్మ కోడలి పెట్టె తనే సర్దింది. ఆమె ఏ పని చేసినా పొందికగా చేస్తుంది, కోడల్ని ఇంట్లోంచి పంపించే పనైనా సరే. చీరల మడత చెడకుండా పేర్చింది, జాకెట్లు విడిగా చుట్టింది, మధ్యలో కలరా ఉండలు కూడా వేసింది. పద్మప్రియ గుమ్మంలో నిలబడి ఎవరి సామానో చూస్తున్నట్టు చూసింది.

"మీ నాయన ఇంకాసేపట్లో వస్తాండాడంట. ఉగ్గాని చేసినా. తిని పోండి. కడుపు మాడ్చి పంపించినారని నలుగురూ అనేదొద్దు."

"సరే అత్తా."

రాజ్యలక్ష్మమ్మకు ఒళ్ళు మండేది ఈ 'సరే అత్తా' దగ్గరే. ఏడ్చే కోడల్ని ఓదార్చవచ్చు, ఎదురు చెప్పే కోడలితో పోట్లాడవచ్చు. తిట్టినా పెట్టినా ఒకే మొహం పెట్టే పిల్లతో ఏం చేయాలో ఆమెకు ఎవరూ నేర్పలేదు. పెట్టె మూత గట్టిగా వేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

గువ్వలచెరువు ఘాటు దిగి కడప వైపు వస్తుంటే తగిలే మొదటి ఊళ్ళో, రోడ్డు మీదే వాళ్ళ ఇల్లు. ముందు భాగంలో రాజ్యలక్ష్మమ్మ భర్త నాగసుబ్బయ్యకు నూనె దుకాణం. ఒక్కడే కొడుకు కిరణ్‌కుమార్. కడపలో మరో రెండు దుకాణాలు పెట్టి బాగానే నిలదొక్కుకున్నాడు. వాడికి చిన్నప్పటి నుంచి ఉన్న పిచ్చి ఒక్కటే, కార్లు. పెళ్ళయిన ఏడాదికి బెంగళూరు నుంచి పసుప్పచ్చటి స్పోర్ట్స్ కారొకటి తెచ్చాడు. ఎవరో వాడినదే. నేలకు జానెడెత్తులో ఉండేది. ఇద్దరు కూర్చుంటే మూడోవాడికి చోటు లేదు. "దీంట్లో నూనె డబ్బా అన్నా పడ్తాదారా?" అని నాగసుబ్బయ్య అడిగితే ఇల్లంతా నవ్వింది. ఆ ఇంట్లో అప్పట్లో నవ్వులుండేవి.

ప్రతి ఆదివారం తెల్లవారకముందే కిరణ్ ఘాటు ఎక్కి దిగేవాడు. ఎక్కేటప్పుడు ఇంజన్‌కు పని, దిగేటప్పుడు బ్రేకులకు పని. ముందు చక్రాల సందుల్లోంచి బ్రేకులు పట్టే పళ్ళేల్లాంటి ఇనుప డిస్కులు కనిపించేవి. మలుపు మలుపుకూ తొక్కి తొక్కి దిగేసరికి అవి సెగలు కక్కేవి. దిగాక బ్రేకు ముట్టకుండా కొన్ని మైళ్ళు మెల్లగా పోయి, గాలికి చల్లారనిచ్చి, అప్పుడు ఆపమని మెకానిక్ చెప్పాడు. అప్పుడప్పుడు చక్రం విప్పి డిస్కుల మీద చీలికలేమైనా పడ్డాయేమో చూసుకోమని కూడా చెప్పాడు. కిరణ్ మొదట్లో అట్లాగే ఇల్లు దాటి ముందుకు పోయి తిరిగి వచ్చేవాడు.

కానీ గేటు దగ్గర అమ్మ నిలబడి ఉండేది. ఊరి కళ్ళన్నీ ఆ పసుప్పచ్చటి బండి మీదే ఉన్నాయని ఆమె భయం. పసుపూ సున్నమూ కలిపిన ఎర్రనీళ్ళ పళ్ళెం పట్టుకుని కొడుకు కోసం చూసేది. అట్లా నిలబడ్డ తల్లిని దాటి ఏ కొడుకు పోతాడు? కిరణ్ ఆపేవాడు. ఆమె మూడుసార్లు తిప్పి, ఆ నీళ్ళు ముందు చక్రాల మీదే కుమ్మరించేది. బండి వేగమంతా అక్కడే ఉందని ఆమె లెక్క. నీళ్ళు పడగానే స్స్‌మని పొగ లేచేది.

"సూడు, ఎంత దిష్టి ఉండాదో!" అనేది తృప్తిగా.

వద్దని కిరణ్ ఒకసారి నసిగాడు. "నీకేం తెల్దు, పోరా" అంది. వాడు నవ్వి ఊరుకున్నాడు.

ఎండలు ముదిరిన ఒక ఆదివారం పద్మప్రియ ఘాటు పైన గువ్వలచెరువులో అమ్మే పాలకోవా తినాలని ఉందంది. ఇద్దరూ కలిసి ఘాటు ఎక్కారు. దిగేటప్పుడు, చివరి మలుపుల్లో, కిరణ్ బ్రేకు తొక్కితే కారు ఆగలేదు. కొండను గుద్దుకుంది. కిరణ్ ఎడమకాలు మోకాలి కింద తీసేశారు.

తుక్కయిన కారును చూసి మెకానిక్ ఆస్పత్రికొచ్చాడు. ముందు డిస్కు పగిలిందనీ, కాలిన ఇనుము మీద ఎవరో పదే పదే నీళ్ళు పోసినట్టున్నారనీ చెప్పాడు. రాజ్యలక్ష్మమ్మ అప్పుడు కింద మందుల కోసం నిలబడి ఉంది. "అమ్మకు చెప్పొద్దండి, తట్టుకోలేదు" అన్నాడు కిరణ్. నాగసుబ్బయ్య తలూపాడు. తర్వాత ఇద్దరూ పద్మప్రియ వైపు చూశారు. ఆమె కూడా తలూపింది.

కొడుకు కాలు పోతే తల్లికి ఎవరో ఒకరు కారణం కావాలి. రాజ్యలక్ష్మమ్మకు పాలకోవా దొరికింది. "నాలిక చాపల్యానికి నా కొడుకు కాలు తీసింది" అని మొదట వంటింట్లో అంది, తర్వాత వీధిలో అంది, చివరికి రాజంపేటకు ఫోన్ చేసి పద్మప్రియ తల్లితో కూడా అంది. మామ వినీ విననట్టు దుకాణంలోకి జారుకునేవాడు. మొగుడు గోడ వైపు తిరిగి పడుకునేవాడు. పద్మప్రియ గిన్నెలు కడుక్కునేది.

పెట్టె సర్దిన ఆ ఉదయమే పద్మప్రియ తండ్రి ఉమామహేశ్వర వచ్చాడు. రాజంపేటలో బట్టల దుకాణం. నెమ్మదైన మనిషి. ఉగ్గాని పళ్ళెం ముట్టకుండా పక్కన పెట్టి, చేతికర్రలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న అల్లుణ్ణి చూశాడు.

"కొన్నాళ్ళు మీ కాడ పెట్టుకో అన్నా," అంది రాజ్యలక్ష్మమ్మ. "దాని మొకం చూస్తే నాకు వాని కాలే కనపడ్తాండాది."

"తీసకపోతాలేమ్మా. ఒక్కటడుగుతా, ఏమీ అనుకోవద్దు. మా పాప చేసిన తప్పేంది?"

"పాలకోవా కావాలనింది ఎవురు?"

"అది అడిగిందనే అనుకుందాం. బ్రేకు పడలేదంటిరి గదా. పాలకోవాకూ బ్రేకుకూ ఏం సంబంధమమ్మా?"

"అయిపోయిందానికి ఇప్పుడెందుకు బావా," అన్నాడు నాగసుబ్బయ్య గబగబా. "కాఫీ తాగు."

"గుడ్డలమ్ముకునేవాణ్ణి, తెలీక అడుగుతాండా. అల్లుడూ, నువ్వు చెప్పు. బ్రేకు ఎట్ల పోయింది?"

కిరణ్ తండ్రి వైపు ఒకసారి చూశాడు. "డిస్కు పగిలింది మామా," అన్నాడు చివరికి.

"పగిలేదానికి అదేమన్నా గాజా?" అంది రాజ్యలక్ష్మమ్మ.

"ఇనుమేనమ్మా. పోత ఇనుము."

"మన దోసె పెనం మాదిరా?"

"అట్లాంటిదే."

"ఆ ఇనుము ఊరికే పగలదబ్బా. ఇన్నేండ్లుగా పెనం కాడ నిలబడ్తాండా, నాకు తెల్దా? అది పగిలేది ఒకే ఒకదానికి. కాలతా ఉన్నప్పుడు చన్నీళ్ళు పోస్తే. కాపరానికొచ్చిన కొత్తల్లో మా అత్త పెనం అట్లనే పగలగొట్టినా. టప్‌మని రెండైపోయింది. కాలే డిస్కు మీద నీళ్ళు ఎవురు పోస్..."

మాట అక్కడే ఆగిపోయింది.

ఫ్యాను తిరుగుతోంది. నాగసుబ్బయ్య తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు, చెమటేమీ లేకపోయినా. కిరణ్ తల ఎత్తలేదు.

"నేనేనా?" అంది రాజ్యలక్ష్మమ్మ.

"స్టీరింగు వణుకుతాందని నాకు ముందే తెలుసుమా. చక్రం విప్పి చూడలేదు. నిన్ను దాటి ముందుకు పోయి చల్లార్చుకొని రావాల్సింది. తప్పు నాది."

"నేనడిగింది అది కాదు నాయనా. పగలగొట్టింది నా నీళ్ళేనా?"

"అవునుమా."

ఆమె అరవలేదు, గుండెలు బాదుకోలేదు. మెల్లగా నేల మీద కూర్చుంది. అరచేతులు తిప్పి చూసుకుంది. ఎంత పెద్ద దుఃఖమైనా ముందు మొద్దుబారుస్తుంది, ఏడుపు తర్వాతెప్పుడో వస్తుంది. కాసేపటికి మొగుడి వైపు చూసింది.

"నీకూ తెలుసా?"

నాగసుబ్బయ్య తలూపాడు.

"దీనికి?"

నాగసుబ్బయ్య కళ్ళు కోడలి వైపు పోయి కిందికి దిగాయి.

"అందరికీ తెలిసి, నా చేత ఈ పిల్లను తిట్టిస్తా కూచుంటిరా?"

"నువ్వు తట్టుకోలేవనిమా..."

"నేను తట్టుకోలేను, ఇది తట్టుకుంటాదా? నా బాధ మొయ్యను పరాయింటి ఆడబిడ్డే దొరికిందా మీకు? ఊరంతా చెప్పుకుంటి గదరా! వీళ్ళమ్మకు ఫోన్ చేసి మరీ అంటి గదరా!"

కిరణ్ చేతికర్రలు గట్టిగా పట్టుకున్నాడు. తల్లిని కాపాడానని ఇన్నాళ్ళూ అనుకున్నాడు. పెళ్ళాన్ని అడ్డంపెట్టి దాక్కున్నానని ఇప్పుడు తెలిసింది. "ప్రియా," అన్నాడు.

రాజ్యలక్ష్మమ్మ వియ్యంకుడి వైపు తిరిగింది. "అన్నా, నువ్వు పిల్లను తీసకపోయేది లేదు. ఎవురన్నా పోవాల్సుంటే నేను పోతా."

"మా పాప ఎట్లంటే అట్లమ్మా," అన్నాడు ఉమామహేశ్వర.

అందరూ పద్మప్రియను చూశారు. ఆస్పత్రిలో చూసినట్టే. ఈసారి ఆమె తలూపలేదు.

"ఒక మాటన్నా అనకపోతివేమే?" అంది రాజ్యలక్ష్మమ్మ, గొంతు తగ్గించి. "నీకు నోరు లేదా?"

"మీ మింద ప్రేమతో ఊరకుండినా అనుకోవద్దు అత్తా. అంత మంచిదాన్ని కాదు. నాకేమీ అనిపించల్యా, అంతే. మీరు తిట్టినా అనిపించల్యా. పొద్దున పెట్టె సర్దినా అనిపించల్యా. కారు గుద్దుకున్న పొద్దు నుంచి ఒళ్ళంతా తిమ్మిరెక్కినట్టు ఉండాది."

రాజ్యలక్ష్మమ్మ గోడ పట్టుకుని లేచింది. దగ్గరికొచ్చి కోడలి మొహంలోకి చూసింది. ఇన్నాళ్ళలో అంత దగ్గరగా చూడడం అదే మొదలు.

"నువ్వూ ఆ కార్లోనే ఉంటివి గదే. నీకు యాడ తగిలింది?"

ఆ మాట ఆ ఇంట్లో అప్పటిదాకా ఎవరూ అడగలేదు. ఆస్పత్రిలో అందరూ స్ట్రెచర్ వెంట పరిగెత్తారు. కన్నతల్లి ఫోన్ చేసినా ముందు అల్లుడి కాలు గురించే అడిగింది. పద్మప్రియ కూడా తనను తాను అడగలేదు. ఇప్పుడు కాస్త ఆలోచించి, మెడ పక్కన కొంగు కొంచెం తొలగించింది. సీటు బెల్టు కోసుకుపోయిన చోట భుజం ఎముక మీద నల్లటి మచ్చ ఉంది. ఎవరికీ చూపించకుండానే విరిగిన ఎముక కొద్దిగా వంకరగా అతుక్కుంది.

"ఈడ," అంది.

రాజ్యలక్ష్మమ్మ ఆ మచ్చ మీద మెత్తగా వేళ్ళు ఆనించింది.

"నొప్పి ఉండాదా తల్లీ?"

పద్మప్రియ లేదని చెప్పబోయింది. పెదవులు మాట వినలేదు.

"ఉండాదత్తా," అంది. అనగానే ఇన్నాళ్ళూ రాని ఏడుపు ఒక్కసారిగా వచ్చింది. చిన్నపిల్లలా అత్త భుజం మీద పడి, మామ ఉన్నాడనీ తండ్రి ఉన్నాడనీ చూడకుండా వెక్కి వెక్కి ఏడ్చింది. "ఉండాది. శానా నొప్పిగా ఉండాదత్తా."