రెండో కార్బురేటర్

మంగళవారం, శుక్రవారం ఆ ఇంట్లో అందరూ పెందలాడే లేస్తారు. ఆ రెండు రోజులూ సాల్మన్ రాజును డయాలసిస్‌కు తీసుకెళ్లాలి. ఆ మంగళవారం నయోమి చిన్న స్టీలు గ్లాసుతో నీళ్లు కొలిచి సీసాలో పోసింది. రోజంతటికీ తండ్రి తాగాల్సినవి అవే. ఆయన మాత్రం సీసా వంక చూడలేదు. నిన్న సాయంత్రం కలకత్తా నుంచి వచ్చిన కొరియర్ పెట్టె గుమ్మం పక్కన ఉంది. ఆయన చూపంతా దాని మీదే.

పెరట్లో రేకుల షెడ్డు కింద ఎర్రటి రెండు సీట్ల కారు ఉంది. అరవై ఏళ్ల కిందట మిషన్ ఆసుపత్రి డాక్టరు దొర దానిలోనే టెక్కలి నుంచి ఉద్దానం ఊళ్లన్నీ తిరిగేవారు. సాల్మన్ రాజు తండ్రి ఆయన డ్రైవరు. దొర తన దేశానికి వెళ్లిపోతూ కారును అతనికే ఇచ్చేశారు. పలాసలో లారీలు బాగుచేస్తూ జీవితం గడిపిన సాల్మన్ రాజు, కిడ్నీలు పోయాయని తెలిశాక ఒక్కటే కోరుకున్నాడు. చిన్నప్పుడు విన్న ఆ ఇంజను చప్పుడు మళ్లీ ఒకసారి వినాలి.

టెక్కలి కాలేజీలో పాఠాలు చెప్పే నయోమి, ఎనిమిది నెలలుగా సెలవులన్నీ దానికే పెట్టింది. ఎక్కడెక్కడి పాత సామాన్ల వాళ్లకో ఫోటోలు పంపి, నంబర్లు సరిచూసి, పిస్టన్లు, వాల్వులు, ఇంధన పంపు అన్నీ ఆ కాలం నాటివే తెప్పించింది. ఆ ఇంజనుకు పెట్రోలూ గాలీ కలిపి అందించే కార్బురేటర్లు రెండు, జంటగా ఉండాలి. ఇంట్లో మిగిలింది ఒకటే. రెండోది ఇన్నాళ్లూ దొరకలేదు; ఆఖరికి కలకత్తాలో ఒకటుందంటే తెప్పించింది.

సాల్మన్ రాజు పెట్టె విప్పి, కొత్తగా వచ్చినదాని గొంతులో వేలు పెట్టి చూశాడు. వెంటనే పక్కన పెట్టేశాడు.

"ఇది మనదాని జత గాదు. గొంతు సన్నం."

అల్లుడు ఏలీయా జీడిపప్పు కార్ఖానాలో బాయిలర్ చూస్తాడు. యంత్రాల సంగతి అతనికీ కొంత తెలుసు.

"బోల్టులు పడతాయి మావా. బిగిస్తే ఇంజను లేస్తాది."

"లేస్తాది. కుంటుతాది. దొర బండి కుంటితే నాను ఇనలేను." పెట్టె మూసేస్తూ ఆయనే మళ్లీ అన్నాడు. "మీ అత్త దాన్ని తట్టలో ఎట్టకపోతే ఈ తిప్పలు నేకపోను."

ఆ మాట ఆ ఇంట్లో కొత్తది కాదు. తిత్లీ తుఫాను జీడితోటనూ కొబ్బరినీ నేలమట్టం చేసిన ఏడాది, చర్చిలో కోతపండుగ వచ్చింది. ఆ రోజు ఇంటింటి వాళ్లూ తొలిపంట తట్టలో పెట్టి తెస్తారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. ఆ ఏడు ఇవ్వడానికి సాల్మన్ రాజు భార్య లిల్లీకి కాయా పండూ లేవు. ఖాళీ చేతులతో వెళ్లడానికి మనసొప్పక అటక మీద నూనెగుడ్డలో ఉన్న టోపీలాంటి మూత ఉన్న ఇత్తడి వస్తువును తోమి తట్టలో పెట్టింది. ఇరవై ఏళ్లుగా ఎవరూ ముట్టని ఆ వస్తువు రెండో కార్బురేటర్ అని ఆమెకు తెలియదు. దేవుడికిచ్చినదాన్ని ఆ సంఘంలో ఎవరూ తిరిగి అడగరు. సాల్మన్ రాజూ అడగలేదు. అడగని కోపమంతా భార్య మీద పెట్టుకున్నాడు. రెండేళ్ల తర్వాత ఆమె పోయింది.

నయోమి నీళ్ల సీసా బల్ల మీద పెట్టింది.

"అమ్మ పోయి ఇన్నేళ్లయింది నాన్నా. ఇంకా ఆమె మీదే ఏడుస్తన్నావా? ఆ కోపంతోనే నువ్వూ ఎల్లిపోతావేటి?"

సాల్మన్ రాజు చెప్పులు వేసుకుని ఆటో ఎక్కాడు. ఆసుపత్రిలో నాలుగు గంటలూ కళ్లు మూసుకునే ఉన్నాడు. నయోమికి ఎవరిమీద జాలిపడాలో తెలియలేదు.

ఆ సాయంత్రం ఏలీయా గొంతు తగ్గించి ఒక సంగతి చెప్పాడు. ఆ వేలంలో ఇత్తడి వస్తువు పాడుకున్నది బారువ పాస్టరమ్మ ఇవాంజెలిన్ అని గుర్తట. ఇచ్చినదాన్ని అడగకూడదు కదా అని ఇన్నాళ్లూ నోరు విప్పలేదట.

మర్నాడు నయోమి బారువ వెళ్లింది. చర్చి కిటికీల్లోంచి సముద్రపు గాలి విసురుగా వస్తోంది. ప్రసంగపీఠం మీద తెరిచిన బైబిలు, పేజీలు ఎగిరిపోకుండా దాని మీద మెరిసిపోతున్న కార్బురేటర్. నయోమి దాని మెడపట్టీ మీది నంబరు చదివింది. ఇంట్లో ఉన్నదానికి జతే.

ఆమె వచ్చిన పని విని ఇవాంజెలిన్ పీఠం మెట్టు మీద కూర్చుంది.

"మీ అమ్మ నెలకోపాలి వచ్చీది. బస్సు దిగి, ఆ నొప్పి మోకాలు ఈడ్సుకుంటా. కొంగున సింతపండు కట్టుకుని తెచ్చీది. దీన్ని తోమి, కడిగి, మళ్లీ బైబిలు మీద ఎట్టీది. ఏటైనా అడగాలా లిల్లీ అంటే, ఏటీ నేదు అనీది. ఒక్క మాట సెప్తే నాను ఇచ్చేద్దును."

ఇవాంజెలిన్ దాన్ని తువ్వాలులో చుట్టి ఇచ్చింది. పేజీల మీదకు ఒక నున్నటి రాయి తెచ్చి పెట్టుకుంది.

ఇంటికి తెచ్చాక సాల్మన్ రాజు నంబరు రెండుసార్లు చదివాడు. లోపల కదలాల్సిన చిన్న పిస్టన్‌ను వేలితో పైకి నెట్టాడు. కదలలేదు. నూనె పోసి రాత్రంతా ఉంచారు. గురువారం ఏలీయా టోపీ ఊడదీసి చూపించాడు. పైన బంగారంలా ఉంది. లోపల ఉప్పుగాలికి చింతపండు నీళ్లు తోడై, గోడంతా తినేశాయి. ఇక ఏ లేతు యంత్రం మీదా అది బాగుపడదు.

"ఇంతలాగ ఎవరు తోమేరు?" అన్నాడు సాల్మన్ రాజు.

నయోమి చెప్పింది. బస్సు, మోకాలు, కొంగున చింతపండు, అన్నీ.

ఆయన చాలాసేపు ఆ ఇత్తడిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఎండ షెడ్డు రేకుల మీంచి గోడ మీదకు జరిగింది.

"నెలకోపాలి ఎక్కడికని నానెప్పుడూ అడగనేదు," అన్నాడు చివరికి. "మాటే మానేసినాను. ఇంక ఎవరికి సెప్పుకోను?"

చెప్పుకోవడానికి ఎవరూ లేరని నయోమికి తెలుసు. ఆయన పక్కన నేలమీద కూర్చుంది.

శుక్రవారం ఆసుపత్రి నుంచి వచ్చాక, ఆయనే ఏలీయాను పిలిచాడు. ఆ ఇత్తడిది ఆదివారం బారువలో ఇచ్చేయాలని, ఇకమీద పొడిగుడ్డతోనే తుడవమని చెప్పాలని అన్నాడు. కలకత్తా నుంచి వచ్చినది బిగించమన్నాడు.

"అది కుంటుతాది మావా."

"కుంటనీ."

ఇంజను మూడుసార్లు దగ్గి, నాలుగోసారి లేచింది. అది దొర బండి చప్పుడు కాదు. ఒక అడుగు గట్టిగా పడి, మరో అడుగు ఈడ్చినట్టు ఉంది. బాగోలేదని ఏలీయా తాళం తిప్పబోయాడు.

సాల్మన్ రాజు చెయ్యెత్తి ఆపాడు. ఆయన బానెట్ మీద చెయ్యి వేసి, వీధి గుమ్మం వైపు చూస్తున్నాడు. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి.

"ఆపకు బాబూ," అన్నాడు. "లిల్లీ బస్సు దిగి నడిసొస్తన్నట్టుంది."