రామలింగయ్య పేరు మీద నాలుగో ప్యాకేజీ

"మధ్యాహ్నం పన్నెండు దాటితే బెల్‌ఫాస్ట్‌లో ఒక హాస్పిటల్ ఆక్సిజన్ మెషీన్లన్నీ ఆగిపోతాయి, చలపతీ. రామలింగయ్యని కారుతో గుద్దించిన ముఠా పనే. ఆ సాఫ్ట్‌వేర్ తయారయ్యేది లండన్ పక్కన రీడింగ్ ఊళ్లో. లోపల రామలింగయ్య స్థానంలో మన మనిషి బిందుమాధవి ఉంది. బయల్దేరు."

చీఫ్ కనకదుర్గ ఫోన్ పెట్టేసింది. రామలింగయ్య చలపతికి పదిహేనేళ్ల జోడీ ఏజెంట్. వాణ్ణి చంపినవాళ్లలో ఒక్కరు దొరికితే చాలని ఏడాదిగా చలపతికి అన్నం మింగుడుపడలేదు. అయినా బరువు తగ్గలేదు, అది వేరే సంగతి.

పదకొండున్నరకి టేక్‌అవే డెలివరీ వేషంలో ఆఫీసులో దిగాడు. చేతిలో క్యారియర్: పై గిన్నెలో గారెలు, మధ్య గిన్నెలో పొగలు కక్కే సాంబారు, అడుగు గిన్నెలో కంప్యూటర్. సాంబారు వేడికే దాని బ్యాటరీ ఛార్జవుతుంది. నమ్మనివాళ్లు చెయ్యి పెట్టి చూసుకోవచ్చు.

"డ్యూటీ రోటా మారిందా?" అన్నాడు, కోడ్ ప్రకారం.

"ఆదివారం దాకా మారదు," అంది బిందుమాధవి. ఆమె నడిచొస్తే ఫ్లోరు ఫ్లోరంతా టైపింగ్ ఆపేస్తుంది. "స్పెక్ ఫైలు మూడుసార్లు చదివాను అంకుల్. క్లీన్. అనవసరంగా శ్రమపడ్డారు."

స్పెక్ ఫైలంటే వంటవాడి చిట్టా లాంటిది: ఏయే సరుకులు, ఏ వరసలో, చివరికి ఎన్ని గిన్నెలు దించాలి. పన్నెండుకి సర్వర్ ఆ చిట్టా చూసి ప్యాకేజీలు వండి హాస్పిటల్‌కి పంపేస్తుంది.

"చదివితే అబద్ధమాడుతుందమ్మా. అడిగితే ఆడదు." చలపతి అడుగు గిన్నె విప్పి, నల్లటి తెర మీద, ఏమేం వండుతావని చిట్టానే అడిగే rpmspec -q ఆజ్ఞ కొట్టి ఫైలు పేరిచ్చాడు.

చిట్టాలో కంటికి కనిపించేవి మూడు ప్యాకేజీలు. తెర మీద నాలుగు పేర్లు పడ్డాయి! నాలుగోదాన్ని ఎవరో ముక్కలు చేసి ఫైలంతా దాచారు. ప్రశ్న పడేసరికి ముక్కలన్నీ అతుక్కుని లేచి నిలబడ్డాయి.

ఎవరు చేర్చారని ఇంకో ప్రశ్న వేశాడు. జవాబు: రామలింగయ్య, కిందటి మార్చి పన్నెండు.

గడియారంలో పదకొండు యాభై తొమ్మిది.

"పోయినవాడి మీదకి తోసేస్తే ఎవరూ అడగరనుకున్నావు కదూ?" చలపతి గొంతు తగ్గింది. "వాడి తర్వాత ఈ ఫైలు పాస్‌వర్డ్ నీ ఒక్కదాని దగ్గరే ఉంది. మార్చి పన్నెండు వాడి పెద్దకర్మ. క్రోయిడన్ హాల్లో నా చేత్తో నీకు వడ్డించాను. మూడో గారె కూడా అడిగావు."

"ఛ! తేదీ దగ్గరా దొరికాను?" బిందుమాధవి లిప్‌స్టిక్ మూత తీసింది. లోపల తుపాకీ గొట్టం. "మీ ఫ్రెండూ ఇలాగే ప్రశ్నలేశాడు అంకుల్."

మధ్య గిన్నె ఎగిరింది. సాంబారు ఆమె మణికట్టు మీద పడింది. లిప్‌స్టిక్ చలపతి చేతికొచ్చింది. ఏడాది కోపమంతా వేలి కొసకి చేరింది. పన్నెండుకి ఇంకా ఇరవై సెకన్లు. వేలొకటే, పనులు రెండు.

తిట్టుకుంటూ కీబోర్డు వైపు తిరిగాడు. నాలుగోదాన్ని చెరిపాడు. మళ్లీ అడిగాడు: మూడే. పన్నెండుకి రెండు సెకన్లుండగా సేవ్ అయింది.

పోలీసులు సంకెళ్లు వేశాక, ఆమె చేతుల్లో ఒక గారె పెట్టాడు. "ఆ రోజు అయిపోయాయన్నాను కదా. తిను, జైల్లో వండరు."

తర్వాత తీరిగ్గా కూర్చుని ఫైలు చివర, ఎవరేం మార్చారో రాసే చోట, ఇవాళ్టి తేదీ చూసి మరీ వేసి, తన పేరుతో రాశాడు:

"నాలుగోది తీసేశాం. మూడోది వడ్డించాం."